కుక్క ఏ ఊరిది, బిల్లు ఎవరిది?

హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి చేరుతున్న చోటు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. నిన్నమొన్నటి దాకా జవహర్‌నగర్ మాత్రం హైదరాబాద్‌లో భాగం కాదు. గ్రామ పంచాయతీగా ఉండి 2019లో విడిగా మునిసిపల్ కార్పొరేషన్ అయింది. చెత్త ఉన్నచోట తిండి, తిండి ఉన్నచోట కుక్కలు. 2024 జులైలో అక్కడ ఏడాదిన్నర పసివాణ్ని వీధికుక్కలు కరిచి చంపాయి. ఆ కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకా వేయించే బాధ్యత చట్టప్రకారం చెత్త పంపిన నగరానిది కాదు, కుక్కలు తిరిగే ఊరి పాలకసంస్థది. వాటిని మేపింది ఒకరు, అదుపు చేయాల్సింది ఇంకొకరు.

వీధికుక్కల మీద మన దగ్గర చర్చ దాదాపు ఎప్పుడూ కుక్కలను ప్రేమించేవాళ్లకూ కాటు తిన్నవాళ్లకూ మధ్య పోట్లాటగానే నడుస్తుంది. చంపాలా, వదలాలా, షెల్టర్‌లో పెట్టాలా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఈ పని ఏ స్థాయి ప్రభుత్వం చేయగలదు, పక్కపక్కనున్న మునిసిపాలిటీలు, పంచాయతీలు కలిసి చేస్తే ఖర్చు ఏ లెక్కన పంచుకోవాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టదు. అది లెక్కల పుస్తకం ప్రశ్న, టీవీ చర్చకు పనికిరాదు. కానీ ఇప్పటివరకు ఈ పని గెలిచిన చోట గెలిపించింది, ఓడిన చోట ఓడించింది చాలావరకు ఆ లెక్కే.

బందెలదొడ్డికి ఉన్న సౌకర్యం

తిరిగే జంతువుల అదుపు స్థానిక సంస్థల నెత్తిన పడటం ఇప్పటి సంగతి కాదు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద ఊరూరా బందెలదొడ్లు వెలిశాయి. చేలో పడ్డ గేదెను తోలుకెళ్లి దొడ్లో పెడితే, దాని ఆసామి జరిమానాతో పాటు మేత ఖర్చు కూడా కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఉంది. అందులో 15వది ఇదే: బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ.

బందెలదొడ్డి తన ఖర్చు తానే రాబట్టుకునేది. గేదెకు ఆసామి ఉన్నాడు కాబట్టి, గేదె విలువ జరిమానా కంటే ఎక్కువ కాబట్టి. వీధికుక్కకు ఈ రెండూ లేవు. దాన్ని పట్టుకొస్తే విడిపించుకోవడానికి ఎవరూ రారు, వేలం వేస్తే కొనేవాడు ఉండడు. కాబట్టి పట్టిన ప్రతి కుక్కా నికరంగా ఖర్చే. ఒక్క రూపాయి తిరిగిరాని పనిని, ఆస్తిపన్ను కూడా సరిగా వసూలుకాని చిన్న మునిసిపాలిటీకి అప్పగిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు వ్యాను వెళ్తుంది, నాలుగు కుక్కల్ని ఎక్కించుకుని ఊరి బయట వదిలేస్తుంది. ఊరి బయట అంటే పక్క పంచాయతీలో. వాళ్లు మళ్లీ ఇటు వదులుతారు.

ఈ వదలడం చట్టవిరుద్ధం. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు చెప్పేది ఒకటే పద్ధతి: పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, పట్టినచోటే తిరిగి వదలాలి. ఆ పని చేసే సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలి. ఆపరేషన్ థియేటర్, కెన్నెళ్లు (కుక్కల గదులు), వ్యాన్లు, అనుభవమున్న పశువైద్యులు ఉండాలి. చిన్న సంస్థ ఒంటరిగా ఎందుకు చేయలేదో ఈ జాబితాలోనే తెలిసిపోతుంది.

ఒక ఊరు, మూడు వేల కుక్కలు

లెక్క వేసి చూద్దాం. ఒక మోస్తరు పట్టణంలో 3,000 వీధికుక్కలున్నాయని అనుకుందాం. టీకా విషయంలోనైనా, కుటుంబ నియంత్రణ విషయంలోనైనా ఈ రంగంలో పనిచేసేవాళ్లు పట్టుకునే గురి 70 శాతం. అంటే 2,100 కుక్కలు. ఇద్దరు డాక్టర్లు, తర్ఫీదు ఉన్న పట్టేవాళ్లతో ఒక ఏబీసీ (జంతు జనన నియంత్రణ) కేంద్రం రోజుకు 20 ఆపరేషన్లు చేస్తే 105 పనిదినాల్లో ఊరు పూర్తవుతుంది. పట్టిన రోజు కడుపు మాడ్చి ఉంచాలి, మర్నాడు ఆపరేషన్, ఆ తర్వాత కుట్లు మానేదాకా నాలుగు రోజులైనా చూసుకోవాలి. ఒక్కో కుక్క ఆరు రోజులు కెన్నెల్‌ను ఆక్రమిస్తుంది కాబట్టి రోజుకు 20 చేయాలంటే 120 కెన్నెళ్లు కావాలి. అదీ ఏ కుక్కకూ చీము పట్టకుండా ఉంటే.

నాలుగైదు నెలల్లో ఊరు అయిపోయాక ఆ 120 కెన్నెళ్లు, ఆ థియేటర్, ఆ డాక్టర్లు ఏం చేయాలి? ఏటా కొత్తగా వచ్చిచేరే కుక్కలకు, పుట్టే కూనలకు నెలా నెలన్నర పని సరిపోతుంది. మిగతా కాలం తాళం. తాళం వేసిన కేంద్రానికి కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం ఆగవు. ఏడాది తిరిగేసరికి దాన్ని స్టోర్‌రూమ్‌గా మార్చేస్తారు.

ఇంత పెట్టలేం అని చిన్నది కట్టుకుంటే ఇంకో చిక్కు. రోజుకు మూడు ఆపరేషన్లు చేసే కేంద్రానికి 2,100 కుక్కలు పూర్తిచేయడానికి 700 రోజులు పడుతుంది. ఈ రెండేళ్లలో ఆపరేషన్ కాని ఆడకుక్కలు కనే కూనలు, కేంద్రం చేసే పనిని మింగేస్తాయి. డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, వీధిలో కుక్కలు తగ్గవు, చివరికి ‘ఆపరేషన్లతో లాభం లేదండీ’ అనే మాట స్థిరపడుతుంది. లాభం లేనిది ఆపరేషన్‌లో కాదు, నత్తనడకలో.

పెద్ద కేంద్రం ఒక్క పట్టణానికి ఎక్కువ, చిన్న కేంద్రం ఒక్క పట్టణానికి కూడా చాలదు. నాలుగైదు పట్టణాలు, వాటి చుట్టూ ఉన్న పంచాయతీలు కలిస్తేనే ఒక కేంద్రానికి ఏడాది పొడుగునా పని ఉంటుంది. పొదుపు కోసం కలవాలని చాలామంది చెప్పే మాట సగమే నిజం. కలవకపోతే అసలు ఆ పని ఎవరికీ పూర్తికాదు.

అయితే ఎంత దూరం దాకా కలవాలన్నదానికి హద్దు ఉంది. తెల్లవారుజామున వలతో పట్టిన కుక్కకు ట్యాగ్ కట్టి, పట్టిన వీధి, రంగు, ఆడో మగో రిజిస్టర్లో రాసి వ్యానెక్కిస్తారు. ఆపరేషన్ అయ్యాక చెవి కొస కాస్త కత్తిరించి గుర్తు పెడతారు. ఇక్కడిదాకా అన్నిచోట్లా బాగానే జరుగుతుంది. తప్పు జరిగేది తిరుగు ప్రయాణంలో. 60 కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చిన 15 కుక్కల్ని 15 వేర్వేరు వీధుల్లో దించాల్సిన డ్రైవర్, ఊరి మొదట్లోని బస్టాండ్ దగ్గర అన్నిటినీ ఒకేసారి దించేస్తే ఎవరు చూడొచ్చారు? కొత్త చోట పడ్డ కుక్క భయంతో కరుస్తుంది, అక్కడి కుక్కలతో కొట్లాడుతుంది. ఆ వారం ఫిర్యాదులు పెరుగుతాయి. ఉమ్మడి కేంద్రం పరిధిని జిల్లా పటం చూసి కాదు, వ్యాను పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగిరాగలిగే దూరం చూసి గీయాలి.

ఇంకో చిక్కు రాజకీయమైనది. ఐదు పట్టణాలు కలిసిన కేంద్రంలో రోజుకు 20 కుక్కల చోటుంటే, న్యాయంగా పంచడమంటే తలా నాలుగు అనుకుంటారు. ప్రతి చైర్మన్‌కూ తన ఊళ్లోకి వారానికొకసారైనా వ్యాను రావాలి. అలా పంచితే ఐదు ఊళ్లూ నత్తనడకలో పడతాయి. ఒక ఊరు పూర్తిచేసి రెండో ఊరికి వెళ్లడమే పని జరిగే పద్ధతి. అప్పుడు ఐదో ఊరు ఏడాదిన్నర దాకా ఆగాలి, మధ్యలో ఎన్నికలొస్తాయి. ఈ క్రమాన్ని ముందే కాగితం మీద రాసుకుని, ఎవరి ఒత్తిడికీ మార్చకూడదని కట్టడి చేసుకుంటేనే కలవడంలో అర్థముంది.

కింగ్ కౌంటీ నేర్చుకున్న లెక్క

అమెరికాలో సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఈ విషయంలో పదిహేనేళ్ల అనుభవం మూటగట్టుకుంది. తెలుగువాళ్లు గట్టిగా స్థిరపడ్డ బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ నగరాలు ఈ కౌంటీలోవే. అక్కడి పెంపుడు కుక్కకు, పిల్లికి లైసెన్సు తీసుకోవడం తప్పనిసరి. 2010కి ముందు పద్ధతి ఇలా ఉండేది: నగరాల తరఫున జంతు నియంత్రణ, షెల్టర్ పనులు కౌంటీ చేస్తుంది, బదులుగా లైసెన్సు ఫీజులు తీసుకుంటుంది. ఫీజులు చాలక మిగతాది కౌంటీ తన సొంత నిధుల్లోంచి పోసేది. నగరాలకు అది దాదాపు ఉచిత సేవ. షెల్టర్ పరిస్థితి దారుణంగా ఉందని 2008లో బయటి నిపుణుల నివేదిక తేల్చింది. ఆర్థిక మాంద్యం వచ్చాక కౌంటీ చేతులెత్తేసింది: ఖర్చు పంచుకుంటే సరే, లేకపోతే ఎవరి కుక్కలు వాళ్లు చూసుకోండి అంది.

చాలా నగరాలు విడిగా లెక్క వేసుకుని గుండెలు బాదుకున్నాయి. షెల్టర్ కట్టి, అధికారులను పెట్టి, రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తాలంటే అయ్యే ఖర్చు అంత. 2010 జులై 1న పాతిక దాకా నగరాలు కౌంటీతో కలిసి కింగ్ కౌంటీ ప్రాంతీయ జంతు సేవల సంస్థను మొదలుపెట్టాయి. సియాటిల్‌కు సొంత షెల్టర్ ఉంది, కాబట్టి కలవలేదు.

మనం చూడాల్సింది ఆ ఒప్పందంలో ఖర్చును పంచిన తీరు. మొత్తం పనిని మూడు ముక్కలు చేశారు: వీధుల్లోకి వెళ్లి ఫిర్యాదులు చూసే పని, షెల్టర్ పని, లైసెన్సుల పని. ఒక్కో ముక్కకు ఒక్కో కొలత. మొదటిదానికి ఏ నగరం నుంచి ఎన్ని కాల్స్ వచ్చాయి, రెండోదానికి ఏ నగరం నుంచి ఎన్ని జంతువులు షెల్టర్‌కు చేరాయి, మూడోదానికి ఎన్ని లైసెన్సులు ఇచ్చారు అన్నది చూస్తారు. మొదట్లో సగం బిల్లు జనాభాను బట్టి, సగం వాడకాన్ని బట్టి పడేది. ఒక నగరవాసి కట్టిన లైసెన్సు ఫీజు ఆ నగరం ఖాతాకే జమ అవుతుంది. రెడ్‌మండ్‌లో ఒక తెలుగు కుటుంబం తమ కుక్కకు లైసెన్సు తీసుకుంటే ఆ డాలర్లు రెడ్‌మండ్ బిల్లులో తగ్గుతాయి.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, కౌంటీకి దక్షిణాన ఉన్న నగరాల నుంచి షెల్టర్‌కు జంతువులు ఎక్కువ వస్తాయి, లైసెన్సులు తక్కువ. తూర్పున సంపన్న నగరాల్లో దీనికి తారుమారు. జనాభా మీద సగం బిల్లు వేస్తే, వాడకం తక్కువున్న నగరాలు ‘మేమెందుకు కట్టాలి’ అన్నాయి. 2013 ఒప్పందంలో సూత్రాన్ని మార్చి 80 శాతం వాడకానికి, 20 శాతం జనాభాకు చేశారు. ఇప్పుడు బరువు దక్షిణానికి జరిగింది. దక్షిణాన ఉన్న ఆబర్న్ అప్పటికే బయటికి వెళ్లి 2013 నుంచి సొంత ఏర్పాటు చేసుకుంది. మిగతా నగరాలు వెళ్లిపోకుండా కౌంటీ తన నిధుల్లోంచి కొన్ని తగ్గింపులు ఇచ్చింది. అయినా 2018లో తూర్పు వైపు నుంచి కిర్క్‌లాండ్ విడిపోయింది. తన లైసెన్సు ఫీజులు తన దగ్గరే ఉంచుకుంటే సొంతంగా నడపగలనని దాని లెక్క. బిల్లు భరించలేక ఒకటి, ఆదాయం మిగులుతుందని ఇంకొకటి బయటికి నడిచాయి.

ఒక నగరం వెళ్లిపోతే షెల్టర్ పైకప్పు ఖర్చు తగ్గదు, మిగిలినవాళ్ల వాటా పెరుగుతుంది. అది చూసి మరొకరు వెళ్లిపోవచ్చు. ఉమ్మడి సేవలు కూలేది సాధారణంగా ఇలాగే. కింగ్ కౌంటీ ఇంకా నిలబడి ఉందంటే, లోటు పూడ్చడానికి పైనొక పెద్ద ప్రభుత్వం ఉండటం, ఒప్పందాన్ని ఎప్పటికప్పుడు తిరగరాసుకోవడం వల్లే. అందరికీ నచ్చే సూత్రమేదో దొరికిందని మాత్రం కాదు.

కేరళ, గోవా: రెండు దారులు

మన దేశంలో ఉమ్మడి పద్ధతిని గట్టిగా ప్రయత్నించింది కేరళ. 941 గ్రామ పంచాయతీలున్న రాష్ట్రం, నిధులు, అధికారాలు కింది స్థాయికి నిజంగానే ఇచ్చిన రాష్ట్రం. అక్కడ కుక్కలకు ఆపరేషన్ల పనిని చాలా జిల్లాల్లో కుటుంబశ్రీ మహిళా సంఘాలే చేసేవి. వాటికి జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు లేదని 2021 డిసెంబరులో హైకోర్టు ఆపేసింది. పని చాలాచోట్ల ఆగింది. 2022 సెప్టెంబరులో రేబిస్‌తో ఒక బాలిక చనిపోయాక రాష్ట్రమంతా అట్టుడికింది, 152 బ్లాకుల్లో ఏబీసీ కేంద్రాలు పెట్టాలని, పంచాయతీలు కలిసి నిధులు పెట్టుకోవాలని ప్రభుత్వం పిలుపునిచ్చింది.

ప్రణాళిక తప్పు కాదు. ఆచరణలో రెండు గోడలు అడ్డొచ్చాయి. బోర్డు పెట్టిన షరతులు ఒకటి: థియేటర్‌కు ఏసీ, సీసీ కెమెరాలు, డాక్టర్‌కు వేల ఆపరేషన్ల అనుభవం వగైరా. అంత అనుభవమున్న డాక్టర్లను 152 చోట్లకు ఎక్కణ్నుంచి తేవాలి? రెండోది స్థలం. పది పంచాయతీలకు కలిపి ఒక కేంద్రం అనగానే అందరూ సరేనంటారు. అది మా ఊళ్లో అనగానే ఆ ఊరు రోడ్డెక్కుతుంది. పదూళ్ల కుక్కలు మా ఊళ్లోకి తెస్తారా అన్నది వాళ్ల ప్రశ్న, అందులో తప్పు పట్టడానికీ లేదు. ఉమ్మడి కేంద్రం లాభం పది ఊళ్లకు, మొరుగుడు ఒక్క ఊరికి. స్థలం ఇచ్చిన పంచాయతీకి వాటా మాఫీ చేయడమో, దాని కుక్కలకు ముందు వరస ఇవ్వడమో, అక్కడి రోడ్డు వేయించడమో ఏదో ఒకటి ఒప్పందంలోనే ఉండాలి. ఊరికే త్యాగం చేయమంటే ఏ పంచాయతీ చేస్తుంది?

గోవా ఇంకో దారి పట్టింది. 191 పంచాయతీలను ఒప్పించే తలనొప్పి పెట్టుకోకుండా, రాష్ట్ర ప్రభుత్వం మిషన్ రేబిస్ సంస్థతో నేరుగా కలిసి రాష్ట్రాన్నంతా ఒకే పని ప్రాంతంగా తీసుకుంది. బృందాలు మొబైల్ యాప్‌లో పటం చూసుకుంటూ వార్డు తర్వాత వార్డు జల్లెడ పట్టాయి. కుక్కను వలలో పట్టి అక్కడికక్కడే టీకా వేసి, రంగు గుర్తు పెట్టి వదిలేయడం, ఏడాదికి లక్ష కుక్కల దాకా. 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించే నాటికి మూడేళ్లుగా అక్కడ ఒక్క మనిషీ రేబిస్‌తో చనిపోలేదు.

గోవా చిన్న రాష్ట్రం, తెలంగాణలో పెద్ద జిల్లా ఒక్కటే విస్తీర్ణంలో దానికంటే పెద్దది. అక్కడ చేసింది ప్రధానంగా టీకా, సంతాన నియంత్రణ కాదు. టీకాకు కెన్నెల్ అక్కర్లేదు, థియేటర్ అక్కర్లేదు, కుక్క ఊరు దాటక్కర్లేదు. కాబట్టి కలిసి చేయడానికి టీకా తేలిక, ఆపరేషన్లు కష్టం, షెల్టర్ మరీ కష్టం. మన దగ్గర మూడింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్ల తేలికైనది కూడా మొదలుకాకుండా ఉండిపోతోంది.

సుప్రీంకోర్టు పెట్టిన కొత్త ఖర్చు

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఢిల్లీతో పాటు నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్ వంటి చుట్టుపక్కల నగరాల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. మూడు రాష్ట్ర ప్రభుత్వాల కిందున్న సంస్థలకు ఒకే గడువు. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని సవరించింది: రేబిస్ ఉన్నవి, దాడిచేసే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకాల తర్వాత తిరిగి వదలాలని, విషయాన్ని దేశమంతటికీ విస్తరించాలని చెప్పింది. నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న కుక్కలను తీసేయాలి, వాటిని మళ్లీ అక్కడ వదలకూడదు.

వదలకూడదు అన్న ఒక్క మాటతో లెక్క తలకిందులైంది. ఆపరేషన్ ఖర్చు కుక్కకు ఒక్కసారి. షెల్టర్ ఖర్చు రోజూ. రోజుకు తిండికి 50 రూపాయలే అనుకున్నా ఒక కుక్కకు ఏడాదికి 18,250 రూపాయలు. ఆరేళ్లు బతికితే లక్ష దాటుతుంది, మనిషి జీతం, మందులు, స్థలం లెక్కలోకి రాకుండానే. వంద కుక్కల షెల్టర్ నడపడం తాలూకా స్థాయి మునిసిపాలిటీకి ఒక కొత్త శాఖ పెట్టుకోవడంతో సమానం. తెలంగాణలో 12 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 13 వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. ప్రతి ఊళ్లో బడి ఉంది, బడి ఆవరణలో రెండు మూడు కుక్కలు పడుకుని ఉంటాయి. వాటికోసం పంచాయతీకొక షెల్టర్ కడతారని ఎవరూ అనుకోరు. ఉమ్మడి షెల్టర్ తప్ప దారి లేదు. దాని బిల్లు ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు.

ఆ దారి లేని చోట జరిగేదేమిటో 2026 జనవరిలో తెలంగాణ చూసింది. హనుమకొండ, కామారెడ్డి వంటి జిల్లాల పల్లెల్లో కుక్కలను పెద్ద సంఖ్యలో విషంతో చంపారన్న ఫిర్యాదుల మీద పోలీసులు కేసులు పెట్టారు, కొన్నిటిలో కొత్తగా గెలిచిన సర్పంచులను కూడా చేర్చారు. నేరం నేరమే. కానీ కుక్కల బెడద తీరుస్తానని ఓట్లడిగిన సర్పంచ్‌కు చట్టబద్ధమైన దారి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడ తన ఊరికి వంతు ఎప్పుడొస్తుంది, ఎంత కట్టాలి? ఈ మూడిటికీ జవాబు లేనిచోట విషం పొట్లమే అన్నిటికంటే చవక.

వాడకానికి బిల్లు వేస్తే

కింగ్ కౌంటీ సూత్రాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే బెడిసికొట్టేది ఈ విషయంలోనే. అక్కడ వాడకాన్ని బట్టి 80 శాతం బిల్లు వేయడం న్యాయంగా తోచింది, ఎందుకంటే షెల్టర్‌కు చేరే జంతువుల వెనక చాలావరకు యజమానులున్నారు, లైసెన్సుల ద్వారా నగరం వాళ్ల దగ్గర రాబట్టుకోగలదు. ఇక్కడ కుక్కకు ఇంత అని పంచాయతీకి బిల్లు వేస్తే, పంచాయతీ చేసే మొదటి పని ఫోన్ చేయడం మానేయడం. ఫోన్ చేయని ఊరి కుక్కలు లెక్కలో ఉండవు, టీకా ఉండదు. ఆ ఊళ్లో ఒక పిచ్చికుక్క తిరిగితే చుట్టూ పది ఊళ్లకు ముప్పు. డబ్బు కట్టి చేయించుకున్న పక్క ఊరు కూడా ఆ ముప్పులోనే ఉంటుంది.

కాబట్టి మన దగ్గర వాటా జనాభాను బట్టో, ఇళ్ల సంఖ్యను బట్టో ముందే స్థిరంగా వసూలు చేసి, కాల్‌కు, కుక్కకు ఏమీ అడగకుండా ఉండటం మేలు. ఎలాగూ డబ్బు కట్టేశాం కదా అని పంచాయతీ ఫోన్ చేస్తుంది. అతిగా చేస్తుందేమోనన్న భయం అక్కర్లేదు, ఈ విషయంలో అతిగా చేయడమే కావాలి. వాటాను పంచాయతీ తీర్మానానికి, ట్రెజరీ బిల్లుకు వదిలేస్తే మాత్రం మూడో నెలకే బకాయి పడుతుంది. అనేక ఊళ్లకు కలిపి నీళ్లిచ్చే రక్షిత మంచినీటి పథకాల నిర్వహణ ఎంత అవస్థో రెండు రాష్ట్రాల్లోనూ తెలిసిందే: పైపులు ఉమ్మడివే, బిల్లు దగ్గర ఎవరికి వారే. ఆర్థిక సంఘం నిధులు ఊళ్లకు చేరకముందే రాష్ట్ర ప్రభుత్వమే ఊళ్ల వాటాను పక్కన తీసి ఏబీసీ కేంద్రానికి నేరుగా ఇవ్వడం ఒక దారి. స్థానిక స్వయంప్రతిపత్తికి అది కాస్త గాయమే. ఆ మాట ఒప్పుకునే ఈ పని చేయాలి.

ఏ పరిధికి ఒక కేంద్రం అన్నదానికి మాత్రం కొత్తగా వెతకక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి. వాటిని నియోజకవర్గాల వారీగా కేటాయించారు, రైతు ఏ పంచాయతీవాడన్నది ఎవరూ అడగరు, ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది. టీకా బృందానికి ఆ పరిధి అతికినట్టు సరిపోతుంది. ఆపరేషన్ కేంద్రానికి రెండు మూడు నియోజకవర్గాలు, దూరాన్ని బట్టి. షెల్టర్‌కు మాత్రమే జిల్లా. మూడు పనులకు మూడు హద్దులుండటం చూడటానికి చిందరవందరగా ఉంటుంది, కలెక్టరేట్ గోడ మీద పటంలో అందంగా కనపడదు. వ్యానుకు, డాక్టర్‌కు, కుక్కకు అదే అనువు.

ఇక మిగిలింది చెత్త. జనాభా లెక్కన వాటా వేస్తే పక్క ఊరి చెత్తను తన దగ్గర పోయించుకుంటున్న పంచాయతీకి అన్యాయం జరుగుతుంది. అక్కడ కుక్కలెక్కువ, జనం తక్కువ, కట్టేది తక్కువే అయినా కాట్లు తినేది వాళ్లే. డంపింగ్ యార్డు చుట్టూ ఉన్న కుక్కల ఖర్చును ఆ యార్డుకు చెత్త పంపే సంస్థల మీద, పంపే టన్నుల లెక్కన వేయడం న్యాయం. టన్నులు ఎలాగూ వేబ్రిడ్జి దగ్గర తూస్తున్నారు, కొత్త కొలత కూడా అక్కర్లేదు.

2025 చివర్లో తెలంగాణ ప్రభుత్వం జవహర్‌నగర్, బోడుప్పల్, నిజాంపేట్, బండ్లగూడ జాగీర్ సహా 27 పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపేసింది. కలుపుకోవడంతో అప్పటికి ఒక తగువు తీరింది: చెత్త పంపిన నగరం, కుక్కలున్న ఊరు ఒకే గొడుగు కిందికొచ్చాయి. కానీ ఇన్నాళ్లూ నగరానికి సరిపోని కెన్నెళ్లే ఇప్పుడు ఆ 27 ఊళ్లకు కూడా సరిపోవాలి. సరిహద్దు పోలేదు, ఇంకొంచెం అవతలికి జరిగింది. దానికి అటువైపు ఇప్పుడు వెంచర్లు లేస్తున్న పంచాయతీలున్నాయి, ఏబీసీ కేంద్రం లేదు. ఇటు ఆపరేషన్ అయిన వీధిలోకి అటునుంచి కానివి నడిచి వస్తూనే ఉంటాయి. వాటికోసం నగరం పక్క పంచాయతీలతో ఒప్పందం రాసుకుంటుందో, ఐదేళ్లాగి వాటినీ కలిపేసుకుంటుందో చూడాలి. ఒప్పందానికి ఒక సంతకం చాలు, విలీనానికి ఆర్డినెన్స్ కావాలి. మన ప్రభుత్వాలకు ఎందుకో రెండోదే తేలిగ్గా వస్తుంది.